ఎడమచెయ్యి చూపించిన ఇల్లు

నేను ఒక చెయ్యిని. ఉలిక్కిపడకండి, మనిషి చెయ్యిని కాదు. మనుషుల చేతులు చేసే పనులు చాలా చూశాను, వాటిలో నన్ను జమకట్టకండి. నేను పాతకాలపు కారుకు ఉండే ఎడమచెయ్యిని. ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ ఉండే నిలువు కమ్మీలో ఒక సన్నటి గాడి ఉంటుంది. అందులో ముడుచుకుని పడుకుంటాను. డ్రైవరు స్టీరింగు మధ్యనున్న మీటను ఎడమకు తిప్పితే నాలోకి కరెంటు వస్తుంది. టక్కుమని లేచి బయటికి అడ్డంగా నిలబడతాను. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు, ఒంటిమీద నారింజరంగు తొడుగు, లోపల చిన్న దీపం. “మేం ఎడమకు తిరుగుతున్నాం, కాస్త చూసుకోండి” అని వెనక వచ్చేవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. అంతకుమించి నేనెవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పానని నెల్లూరులో ఎవరైనా అంటే నమ్మకండి.

మీరు కూడా నా కథ ఎందుకు వింటున్నారో నాకు తెలియదు. ఊరికే వినేవాళ్ళు లోకంలో తక్కువ. సరే, వినండి.

నన్ను తయారుచేసింది సముద్రాల అవతల, బొగ్గుపొగ కమ్మిన ఒక ఊళ్ళో, తలకు గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి. పరీక్ష కోసం నన్ను పదిసార్లు లేపింది, పదిసార్లు దించింది. సరిగ్గానే లేచాను. అయినా నావంక అదోలా చూసి పదకొండోసారి లేపింది. ఎవరినీ ఒకపట్టాన నమ్మకపోవడం నాకు ఆమె దగ్గరే అంటుకుంది అనుకుంటాను.

నన్ను బిగించిన కారు సంగతి చెప్పాలి. దాన్ని కాగితం మీద గీసిన పెద్దమనుషుల ఉద్దేశం ఏమిటో నాకీనాటికీ అంతుపట్టలేదు. తలుపులు మధ్యనుంచి బీరువా తలుపుల్లా రెండుపక్కలకూ తెరుచుకునేవి. పెట్రోలు పోసే మూత ఎక్కడుందో బంకులో ఎవరికీ తెలిసేది కాదు. కారు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి “యాడుందయ్యా దీని నోరు?” అని అడిగేవాళ్ళు. అది వెనక ఎర్రదీపం చాటున ఉంది. దీపాన్ని మెలిపెట్టి పక్కకు లాగితే అప్పుడు బయటపడేది. తినే నోటిని దాచుకోవలసిన అవసరం ఏమొచ్చిందో! పెద్దదీపాలను కిందికి దించే బొత్తాం డ్రైవరు ఎడమకాలి కింద పెట్టారు. చేతులు రెండూ ఉండగా కాలికెందుకా పని? అద్దం తుడిచే పుల్లలు ఇంజను పీల్చే గాలితో ఆడేవి. వానలో బండి మెరక ఎక్కుతూ ఆయాసపడిందంటే అవి నిలబడిపోయేవి. కళ్ళు కావలసిన వేళకే గుడ్డిదయ్యేది. వేసవిలో ఒక పిడి తిప్పితే ముందద్దం మొత్తం ముందుకు లేచి చల్లగాలి వచ్చేది. గాలితోపాటు ఒకసారి కందిరీగ కూడా వచ్చింది, ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

అన్నిటికంటే నాకు అనుమానం తెప్పించింది వెనకద్దం మీది పట్టుతెర. వెనక సీట్లో ఎవరున్నారో లోకానికి కనపడకుండా ఉండటానికి పెట్టిన తెర అది. దాని తాడు మాత్రం కప్పు కిందుగా ముందుకు వెళ్ళి డ్రైవరు తలదగ్గర వేలాడేది. అంటే గుట్టు వెనకవాళ్ళది, తాడు డ్రైవరుది. దీన్ని గీసినవాడు మంచివాడైనా అయ్యుండాలి, మహా ముదురైనా అయ్యుండాలి.

మద్రాసులో ఓడ దిగాక మొదట ఒక తెల్లదొర నన్ను కొన్నాడు. ఆయన ఎడమకు తిరిగేటప్పుడు నన్ను లేపేవాడు. లేపి ఊరుకోక కుడి కిటికీలోంచి తన చెయ్యి కూడా బయటపెట్టి గిర్రున తిప్పేవాడు. నేను లేచానో లేదో నమ్మకం లేక! మూడేళ్ళు ఆ అవమానం భరించాను. ఆయన దేశానికి వెళ్ళిపోతూ కారును అమ్మేస్తే, కొన్నది నెల్లూరు పెంచలరెడ్డి.

పెంచలరెడ్డికి గూడూరు పక్కన కాకిబంగారం గనులున్నాయి. అభ్రకం అని పుస్తకాల్లో రాస్తారు గానీ అక్కడ అందరూ కాకిబంగారమే అంటారు. ఆయన ఎక్కి దిగినప్పుడల్లా సీటు మీద తళతళమని పొడి రాలేది. భారీ మనిషి, పట్టు జుబ్బా, నవ్వితే కారు ఊగేది. నవ్వే మనిషిని నమ్మవచ్చని కొందరు అంటారు. నేననను.

డ్రైవరు పేరు కాలేషా. ముప్పయ్యేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. దొరలు నాకు పెట్టిన ట్రాఫికేటరు అనే పేరు అతని నోట రెండు రోజులు నలిగి, మూడోరోజుకు ఉత్త ‘చెయ్యి’ అయిపోయింది. పొద్దున్నే గుడ్డతో నన్ను తుడుస్తూ “లెయ్ తల్లీ, పనికి పోవాల” అనేవాడు. నన్ను మంచిగా చూసుకున్న మొదటి మనిషి అతనే. అందుకే అతన్ని కూడా కొన్నాళ్ళు అనుమానించాను.

రెండో ఏడు వానలు వెలిసాక స్టీరింగు గొట్టంలో నా తీగ తొడుగు ఒరుసుకుపోయింది. మామూలుగా ఏమీ అయ్యేది కాదు. స్టీరింగును బాగా కుడికి తిప్పి ఉన్నప్పుడు బండి గట్టిగా కుదిపితే మాత్రం ఆ తీగ పక్క తీగకు తగిలేది. అప్పుడు నా ప్రమేయం లేకుండా టక్కుమని లేచేదాన్ని. కారేమో కుడికి పోతుండేది, నేనేమో ఎడమకు చూపిస్తుండేదాన్ని. పరువు పోయే పని. అదృష్టం కొద్దీ ఊళ్ళో అలాంటి కుదుపు ఒక్కచోటే ఉంది. జొన్నవాడ వెళ్ళే దారిలో కాలవ తూము దాటగానే కుడికి తిరగాలి. సరిగ్గా అక్కడే ఒక గుంట. ఎడమపక్క పాలోళ్ళ సందు.

పెంచలరెడ్డి భార్య కామాక్షమ్మ ప్రతి శుక్రవారం జొన్నవాడ అమ్మవారి గుడికి వెళ్ళేది. ఆమె కూచునేది వెనక ఎడమపక్క, అంటే నా గాడికి చెవి ఆనించినంత దగ్గర. మొదటి వారం నేను లేచినప్పుడు ఆమె ఉలిక్కిపడింది. రెండోవారం వంగి చూసింది. మూడోవారం ఆమె గొంతు మారింది.

“కాలేషా, మనం ఏ పక్కకి తిరుగుతుండాం?”

“కుడి పక్కకమ్మా.”

“మరి చెయ్యి ఎడమ పక్కకి చూపిస్తుండాదే?”

“అది వైరేదో ఒరుసుకుంటుండాదమ్మా. అప్పుడప్పుడు అట్ట లేస్తాది.”

“అప్పుడప్పుడా? ఈడికొస్తేనా?”

కాలేషా అబద్ధం ఆడటం రాని మనిషి. “ఈడికొస్తేనే అమ్మా” అన్నాడు.

ఆమె మెడ తిప్పి పాలోళ్ళ సందువంక చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

నాలుగో శుక్రవారం వాళ్ళక్క చెంచమ్మ కూడా కారెక్కింది. తూము దగ్గర నేను లేవడం ఇద్దరూ చూశారు. చెంచమ్మ గొంతు తగ్గించి, “మన నాయన బండెద్దులు గుర్తుండాయా నీకు?” అంది. కామాక్షమ్మ “మరిచిపోతానా” అంది. ఆ మాటల్లోంచి నాకు సంగతి తెలిసింది. వాళ్ళ నాయన ఎద్దుల బండి సంతకు పోతూ పోతూ దారిలో ఒక ఇంటిముందు దానంతటది ఆగిపోయేదట. ఎవరు అదిలించినా కదిలేది కాదట. ఒకరోజు వాళ్ళమ్మ తానే బండెక్కి పగ్గాలు వదిలేసింది. ఎద్దులు తిన్నగా ఆ ఇంటికి తీసుకుపోయి నిలబెట్టాయి. లోపల్నుంచి ఒక ఆడమనిషి నవ్వుతూ కుడితి బానతో బయటికి వచ్చిందట.

“నోరు లేనివి అబద్ధం చెప్పవే కామాక్షీ” అంది చెంచమ్మ.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉన్నది ఒక్క చెయ్యే అనుకోండి. అయ్యో తల్లీ, ఎద్దుకు దారి తెలుస్తుంది, ఇనుపముక్కకు ఏం తెలుస్తుంది? మోటారు బండిని కూడా పశువుల లెక్కలో కట్టేశారు వాళ్ళు. తల్లి కడుపులో దాచుకున్న మంట కూతురికి ఆ పూట రాజుకుంది. నవ్వడానికి నాకు మనసు రాలేదు.

“కాలేషా, వెనక్కి తిప్పు. చెయ్యి చూపించినట్టే పో” అంది కామాక్షమ్మ.

“అమ్మా, అది వైరు...”

“పొమ్మన్నాను.”

కాలేషా పాలోళ్ళ సందులోకి తిప్పాడు. ఎడమకు తిరుగుతున్నాడు కాబట్టి పద్ధతి ప్రకారం నన్ను తనే లేపాడు. కంగారులో దించడం మరిచిపోయాడు. సందు ఇరుకు, పక్కదారులు లేవు, చివర గోడ. ఆ గోడ ముందు కారు ఆగింది. అప్పుడు నేను ఎడమపక్క ఆఖరి ఇంటి గడపకు ఎదురుగా నిలబడి ఉన్నాను. ఇంతకంటే చక్కగా ఏ ఎద్దూ ఆపలేదు.

ఆ ఇల్లు ఎస్తేరుది. అద్దెకుంటోంది. భర్త పోయిన మనిషి, బట్టలు కుట్టి బతుకుతోంది. మెడలో కొలతల టేపు, కళ్ళజోడు, తెల్లచీర. సందులో ఆమె కుట్టని రవిక లేదు. ఆ పూట అరుగు మీద దండేనికి ఒక పెద్ద పట్టు జుబ్బా వేలాడుతోంది. ఆ కొలత నెల్లూరులో సగంమంది రెడ్లకు సరిపోతుంది. కామాక్షమ్మకు మాత్రం ఒక్కరే కనిపించారు.

అది కొళాయికి నీళ్ళు వదిలే వేళ. సందులో ఆడవాళ్ళంతా బిందెలతో వరసలో ఉన్నారు.

“ఏమ్మే, ఈ జుబ్బా ఎవురిది?” అంది కామాక్షమ్మ కారు దిగుతూనే.

“కుట్టమని ఇచ్చినారమ్మా. మీరెవురు?”

“నేనెవురో తెలీదా? ఈ కారు తెలీదా? మా ఇంటాయన నీ గడప తొక్కకుండా ఉంటే దీని చెయ్యికి నీ ఇల్లెట్ట తెలిసిందే?”

ఎస్తేరు నావంక చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదు, ఏమీ అర్థంకాని చూపు. “యేసయ్యా! నాకు ఏ రెడ్డీ తెలీదమ్మా” అంది. ఆ మాట బిందెల చప్పుడులో కలిసిపోయింది. కామాక్షమ్మ మాటలు మాత్రం అందరికీ వినిపించాయి.

మర్నాటికల్లా కుట్టమని ఇచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి తీసుకుపోయారు. ఇల్లు అద్దెకిచ్చిన ఓబులుశెట్టి వచ్చి, “నెలాఖరుకు ఖాళీ చెయ్యమ్మా, మర్యాదస్తుల సందు ఇది” అన్నాడట. కాలేషాకు ఈ సంగతులు సోడా అంగడి దగ్గర తెలిశాయి. నన్ను తుడుస్తూ తనలో తను గొణుక్కుంటుంటే నేను విన్నాను.

ఆ పొద్దే పెంచలరెడ్డి గనులకు బయల్దేరాడు. గూడూరు రోడ్డెక్కాక నోరు విప్పాడు. “ఏందిరా కాలేషా, నిన్న అమ్మగారు యాడో రచ్చ చేసిందంట?”

కాలేషా అంతా చెప్పాడు. తూము, గుంట, తీగ, ఎద్దులు, ఎస్తేరు. రెడ్డి పగలబడి నవ్వాడు. కారు ఊగింది. నవ్వి నవ్వి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు:

“ఆ వైరు ముట్టుకోబాకు.”

“అయ్యా?”

“బాగుచేసినావంటే నీ ఉద్యోగం ఉండదు. ముట్టుకోబాకన్నానా? అంతే.”

అప్పుడు తెలిసింది నాకు. అంతవరకూ అనుమానం, అప్పుడు నమ్మకం. గూడూరు రోడ్డులో, ఊరు ఇంకా రాకముందు, కారు వారానికి రెండుసార్లు ఒక ఇంటిముందు ఆగేది. అక్కడ తిరగవలసిన పని లేదు, దారి పక్కనే ఇల్లు. నన్ను ఎవరూ లేపేవాళ్ళు కాదు. గాడిలో పడుకుని గాజుల చప్పుడు మాత్రం వినేదాన్ని. పట్టుతెర తాడు కాలేషా లాగేవాడు. అసలు ఇల్లు తిన్నని దారిలో ఉంది. నేను వంకరగా లేచి ఒక అమాయకురాలి గడప చూపించాను. రెడ్డికి అది దేవుడిచ్చిన చాటు అయింది. దొంగను దాచడానికి నన్ను వాడుకున్నారంటే నాకు ఒళ్ళు మండింది. మండితే ఏం లాభం? కరెంటు రావాలిగా.

ఆ తర్వాతి శుక్రవారం రెడ్డి కూడా భార్యతో జొన్నవాడ బయల్దేరాడు. తూము దగ్గర కారు గుంటలో పడింది, టక్కుమని లేచాను. కామాక్షమ్మ నావంక చూడలేదు, భర్తవంక చూసింది. ఆయన తల వంచుకున్నాడు. ఎంత బాగా వంచుకున్నాడో చెప్పలేను.

“చూడు కామాక్షీ. జరిగిందేదో జరిగిపొయ్యింది. ఆ అమ్మవారి మీద ఒట్టు. ఇంక ఆ సందులో కాలు పెట్టను.”

కామాక్షమ్మ ఏడ్చింది. ఏడ్చి, తేలికపడి, “అంతే చాలు నాకు” అంది. నేను అలాగే బయటికి లేచి నిలబడి ఉన్నాను. ఇంత నిజమైన ఒట్టు ఎవరూ పెట్టి ఉండరు. ఎన్నడూ కాలు పెట్టని సందులో ఇక కాలు పెట్టనని ఒట్టు! ముందు సీట్లో కాలేషా చెవులు ఎర్రబడ్డాయి.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా కాలేషా ఐసు తేవడానికి ఒంటరిగా కారు తీసుకెళ్ళాడు. అంగడి దగ్గర ఎస్తేరు ఎదురుపడింది. ఇల్లు వెతుక్కుంటోందట, ఎవరూ ఇవ్వడం లేదట. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“నువ్వు ఆ కారు డ్రైవరువు గదా నాయనా. మీ అయ్య నా ఇంటికి రాలేదని నీకంటే ఎవురికి తెలుసు? ఒక్క మాట చెప్పు మీ అమ్మగారికి. ఒక్క మాట.”

“చెప్పినానమ్మా. డ్రైవరు మాట ఎవురు నమ్ముతారు?”

“మిషనుంది, చేతులుండాయి, యాడన్నా బతుకుతా. ఈ పేరుతో ఎట్ట బతికేది?” అంది. ఆమె ఏడవలేదు. కాలేషాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పూట అతను నన్ను తుడవలేదు.

నెల ఆఖరు రోజున రెడ్డి జీపులో గనులకు వెళ్ళాడు. కాలేషా కారును దొడ్లోకి తెచ్చి కామాక్షమ్మను పిలిచాడు.

“అమ్మా, ఒక్కసారి ఎక్కి కూచోండి.”

“యాడికి?”

“యాడికీ పోము. ఎక్కండమ్మా, దండం పెడతా.”

ఆమె అనుమానంగానే ఎక్కింది. కాలేషా ఒక కట్టెదుంగను చక్రం ముందు వేశాడు. స్టీరింగును కుడికి అంతా తిప్పి బండిని దుంగ మీదికి ఎక్కించి దించాడు. కుదిపింది. టక్కుమని లేచాను. ఎదురుగా వాళ్ళ వంటిల్లే.

“అమ్మా, ఇప్పుడు మీ వంటింటిని చూపిస్తుండాది. ఆడ ఎవురుండారమ్మా?”

వంటింట్లో డెబ్బయ్యేళ్ళ వంటమనిషి తప్ప ఎవరూ లేరు. కాలేషా వెనక్కి తీసి, ఇంకోవైపు మళ్ళీ దుంగ ఎక్కించాడు. మళ్ళీ లేచాను.

“ఇప్పుడు మీ బర్రెను చూపిస్తుండాదమ్మా. అయ్యగారు బర్రె కోసం పోతుండారా?”

ఇంకో వేళైతే ఆమె నవ్వేదే. కాలేషా చెంప పగలగొట్టేదేమో కూడా. ఆ పూట మాత్రం కిటికీ అంచు పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది.

“వైరేనా?” అంది చివరికి.

“మొదటినాడే చెప్పినానమ్మా.”

“మరి ఇన్నాళ్ళూ బాగుచేయించలేదేం?”

కాలేషా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. ఒక్క మాటతో ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు, నాకూ తెలుసు. “అయ్యగారు ముట్టుకోబాకన్నారమ్మా” అన్నాడు.

“ఎప్పుడు?”

“మీరు సందులోకి పొయ్యిన మర్నాడు.”

కామాక్షమ్మ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టింది. సందు, మర్నాడు, ఆ తర్వాత శుక్రవారం. “అంటే ఒట్టు పెట్టేనాటికే ఆయనకు తెలుసు. ఎన్నడూ పోని ఇంటికి ఇంక పోనని ఒట్టు పెట్టినాడు. అయితే పొయ్యే ఇల్లు వేరే ఉండాది” అంది. అది ప్రశ్న కాదు. ఏ ఇల్లని ఆమె అడగలేదు. “నాకు జరిగింది నాకు జరిగింది. ఆ తల్లిని నేను వీధిలో నిలబెట్టినా గదయ్యా” అంటూ నెత్తి కొట్టుకుంది. మనిషి బాధ చూసి జాలిపడటం నాకు అలవాటు లేదు. ఆ పూట పడ్డాను.

“పద కాలేషా. నీళ్ళొదిలే వేళకి ఆడుండాల” అంది.

మేం వెళ్ళేసరికి ఎస్తేరు ఇంటిముందు ఒంటెద్దు బండి. కుట్టుమిషను ఎక్కించేశారు, మంచం ఎక్కిస్తున్నారు. ఓబులుశెట్టి తన అరుగు మీద నిలబడి ఏమీ తెలియనట్టు పళ్ళు కుట్టుకుంటున్నాడు. కొళాయి దగ్గర అదే వరస. కారును చూసి అందరూ బిందెలు దించారు.

కామాక్షమ్మ సందు మధ్య నిలబడింది. “అందరూ వినండి. ఆ పొద్దు నేను ఈమెను అన్నదంతా తప్పు. మా ఇంటాయన ఈ గడప తొక్కలేదు. ఈ కారుకి వైరు చెడిపోయుండాది. తప్పు నాది.”

ఒక ముసలమ్మ పక్కావిడతో, “కారు చెయ్యి ఊరికే లేస్తాదా? ఏందో ఉండాది” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా నేను అనవలసిన మాట అది.

ఎస్తేరు గడపలోంచి బయటికి వచ్చింది. “చూసినారా అమ్మా? మీరు ఔనన్నప్పుడు నమ్మినారు. కాదంటే నమ్మరు. మాటతో పొయ్యేది కాదిది. చూపించండి.”

కాలేషా కారు తిప్పాడు. కొళాయి పక్కనున్న బండరాయి మీదికి ఒక చక్రం ఎక్కించి దించాడు. టక్కుమని లేచాను. ఎదురుగా ఓబులుశెట్టి!

“అయ్యయ్యో, నాకేం సంబంధం! నేను పెళ్ళాం బిడ్డలున్నోడిని!” అని శెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. కొళాయి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వరసంతా నవ్వింది. ముసలమ్మ కూడా నవ్వింది గానీ నావంక ఓరగా చూడటం మానలేదు.

“సామాను దించుకో ఎస్తేరమ్మా, పొరబాటైపొయ్యింది” అన్నాడు శెట్టి. ఎస్తేరు అతన్ని దాటి కారు దగ్గరికి వచ్చింది. కామాక్షమ్మతో, “ఆ చెయ్యి పీకి నాకియ్యండి. రేపు ఇంకొకరొచ్చి అడిగితే నేను కారు తెచ్చి చూపించలేను గదా” అంది.

కామాక్షమ్మ కాలేషావంక చూసింది. “ముట్టుకోబాకన్నది వైరునమ్మా, చెయ్యిని గాదు” అన్నాడు కాలేషా, అప్పటికే మరలు విప్పే పుల్ల చేతిలోకి తీసుకుని. మద్రాసు ఓడ ఎక్కకముందునుంచీ ఉన్న గాడిలోంచి అలా బయటికి వచ్చాను. భయం వేసింది, చెప్పకపోవడమెందుకు.

కామాక్షమ్మ కారెక్కలేదు. “నువ్వు బండి తీసుకుపో. అయ్యగారు అడిగితే యాడుండానో చెప్పు” అంది. ఎస్తేరు వైపు తిరిగి, “రెండు రోజులు ఉండనిస్తావా?” అని అడిగింది. ఎస్తేరు చాలాసేపు ఆలోచించింది. ఆలోచించకుండా ఒప్పుకుని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

“మంచం ఒకటే ఉండాదమ్మా” అంది.

“చాప చాలు.”

మర్నాడు నీళ్ళొదిలే వేళకు సందులోకి ఆ కారు వచ్చింది. రెడ్డే తోలుకుంటూ వచ్చాడు, కాలేషాను పొద్దున్నే పనిలోంచి తీసేశాడట. నేను ఎస్తేరు కిటికీ గూట్లోంచి చూస్తున్నాను. నేనుండిన గాడిలో పాత గుడ్డ కుక్కి ఉంది. పెంచలరెడ్డి ఆ ఇంటిముందు కారు దిగాడు. జుబ్బా నలిగి ఉంది.

“కామాక్షీ, ఇంటికి పద. నలుగురూ నవ్వుతుండారు.”

కామాక్షమ్మ గడపలోనే నిలబడి గట్టిగా అంది: “అమ్మవారి మీద ఒట్టు పెట్టినారే, ఈ సందులో కాలు పెట్టనని? ఒట్టు తీసి గట్టు మీద పెట్టి వచ్చినారా?”

కొళాయి వరసంతా ఇటు తిరిగింది. నిన్నటి ముసలమ్మ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి రెడ్డిని కిందనుంచి పైదాకా చూసింది. “ఈయనేనా ఆ రెడ్డి? ఏమో అమ్మా, ముప్పయ్యేళ్ళుగా ఈ కొళాయి కాడే ఉండా. ఈ మనిషిని ఈ సందులో ఇదే చూడటం” అంది. “ఔను, మేం కూడా ఇదే చూడటం” అన్నారు వెనకవాళ్ళు. నా పక్కన కుట్టుమిషను ముందు కూచున్న ఎస్తేరు కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. నెలరోజులుగా ఆ ఒక్క మాట కోసమే ఆమె చూసింది.

“నేను ఈమె పేరు అందరిముందర తీసినాను. ఇప్పుడు మీరు నిజంగా యాడికి పోతారో అందరిముందర చెప్పండి. చెప్పి, అప్పుడు రమ్మనండి. ఈ గడప మాత్రం తొక్కబాకండి” అంది కామాక్షమ్మ.

రెడ్డి జుబ్బా సర్దుకున్నాడు. కారువంక చూశాడు, ఓబులుశెట్టివంక చూశాడు. వెనక్కి తిరిగి పోతే నవ్వుతారు, నిలబడితే చూస్తారు. కొళాయి నీళ్ళు ఆగిందాకా ఆయన ఆ సందులోనే నిలబడ్డాడు. ఆ పూట ఎవరూ బిందె నిండగానే ఇంటికి వెళ్ళలేదు.

మూడోరోజు కామాక్షమ్మ జట్కా కట్టించుకుని తన ఇంటికి తానే వెళ్ళింది. కాలేషాకు ఇంకొకరి దగ్గర లారీ దొరికింది. ఎస్తేరు ఆ ఇల్లు ఖాళీ చెయ్యలేదు, మిషను చప్పుడు పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా అనుమానంగా చూస్తే నన్ను తీసి చేతికిస్తుంది. గూడూరు రోడ్డు ఇంటి సంగతి తర్వాత ఏమైందని మీరు అడగబోతున్నారు. కారు లేదు, దారి లేదు, నాకెలా తెలుస్తుంది? తెలియని సంగతి ఒకసారి చూపించి చూశాను. చాలు.